ఏడుపు మీది, ఖర్చు నాది

మొన్న కంచరపాలెం మార్కెట్లో తోటకూర బేరం చేస్తుంటే పక్కనుంచి ఒక ఆటో వెళ్ళింది. వెనక అద్దం మీద ఎర్ర రంగుతో ‘అమ్మ దీవెన’ అని ఉంది. ఆ అక్షరాలు నాకు బాగా తెలుసు. ‘దీ’ దగ్గర పెయింటు కారి కిందికి ఒక చార దిగి ఉంటుంది. పెద్దమ్మ కొడుకే అనుకుని చెయ్యెత్తాను. తీరా ఆగాక చూస్తే తోలుతున్నది ఎవరో తెలియని మనిషి. “ఎక్కడికమ్మా?” అన్నాడు. ఎక్కడికీ కాదు బాబూ అని చెప్పి, కట్ట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

అంటే ఆటో కూడా వెళ్ళిపోయిందన్నమాట.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. మా చర్చి సంఘంలోనూ మా వీధిలోనూ అందరికీ ఆమె పెద్దమ్మే. వయసులో ఆమెకన్నా పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిచేవారు. రైలు గేటు దగ్గర ఇడ్లీ బండి పెట్టుకునేది. ఎవరింట్లోనైనా ఎవరైనా పోయారని తెలిస్తే ఉన్న ఇడ్లీలు ఉన్నట్టు పక్క టీకొట్టు వాళ్ళకి అప్పజెప్పి, కొంగు నడుముకి దోపుకుని బయల్దేరేది. ఆ పిండి మరకల చీరతోనే వచ్చేది. చావింటికి మంచి చీర కట్టుకుని రావడం ఆమెకి నచ్చదు.

గుమ్మం బయట అందరూ చెప్పులు వదిలేస్తారు కదా. ఆమె మాత్రం విప్పిన చెప్పుల్ని ఒక కవర్లో చుట్టి చంకలో పెట్టుకునేది. “సావింట్లో సెప్పులు పోతే ఎవర్నడగ్గలం?” అనేది. ఆ చెప్పుల మూటతోనే శవం దగ్గర తల వంచి నిలబడేది. ఆ మూటతోనే ప్రార్థన చేసేది. తర్వాత గదంతా ఒకసారి చూసేది. ఏడుస్తున్నవాళ్ళలో డబ్బు గురించి ఆలోచిస్తూ ఏడుస్తున్న మనిషి ఎవరో ఆమెకి ఎలాగో తెలిసిపోయేది. వెళ్ళి ఆ మనిషి పక్కన గొంతుక్కూర్చుని, చెవిలో ఒక్కటే అడిగేది.

“సేతిలో ఎంతుంది?”

ఎంతని చెప్పినా ఆమె ముఖం మారేది కాదు. “సాలు. ఏడుపు మీది, ఖర్సు నాది” అని లేచేది.

ఖర్చు ఆమె పెట్టుకుంటుందని కాదు. ఆమె దగ్గర మాత్రం ఏముంది? చేతిలో ఉన్నంత ఆమెకి ఇచ్చేస్తే, ఇక మట్టి ఇచ్చి వచ్చేదాకా ఇంట్లోవాళ్ళ దగ్గరికి ఒక్కరు కూడా చెయ్యి చాపుకుంటూ రారు. పెట్టె, వ్యాను, పూలు, గొయ్యి, పాస్టరు అయ్యగారి కవరు, పాటలు పాడేవాళ్ళ టీలు, అన్నీ ఆ చేతిలో ఉన్నదాంట్లోనే అయిపోవాలి. ఎక్కువుంటే కొంచెం ఎక్కువ, తక్కువుంటే తక్కువ. ఆమె పెట్టుకున్న నియమం ఒక్కటే. శవం ఇంట్లో ఉండగా ఎవరూ అప్పు చెయ్యకూడదు. ఆ వేళప్పుడు మనిషికి కళ్ళు కనిపించవనీ, ఎంత వడ్డీ అన్నా తలూపేస్తాడనీ అనేది.

మా నాన్న పోయినప్పుడు ఆమెని మొదటిసారి దగ్గరగా చూశాను. నాన్న పోర్టులో కలాసీ. షిఫ్టులు చేసినన్నాళ్ళూ ఆయనకి ఆదివారాలు లేవు. రిటైరయ్యాక అలవాటు లేదు. సంఘానికి కట్టాల్సిన చందా ఏళ్ళ తరబడి ఉండిపోయింది. అది మొత్తం కడితేనే సమాధుల తోటలో చోటుకి చీటీ రాస్తామని కమిటీ పెద్ద ఒకాయన చెప్పి వెళ్ళాడు. పాస్టరు అయ్యగారు పక్కనే తల దించుకుని నిలబడ్డారు. సంతకం ఆయనదే గానీ మాట కమిటీది. ఆయన్ని నేను ఏనాడూ తప్పుపట్టలేదు. ఆయనా ఒకరి చేతికింద మనిషే.

మా తమ్ముడు అప్పటికే అప్పుకోసం ఎవరికో ఫోన్ చేస్తున్నాడు. పెద్దమ్మ వాడి చేతిలో ఫోన్ తీసుకుని నా చేతిలో పెట్టి, చర్చి మెట్ల మీదికి వెళ్ళి కూర్చుంది. ఒళ్ళో చెప్పుల మూట.

“అయ్యగారూ,” అంది, “ఆదివారాలు రాలేదన్న మాట నిజమే. ఇవాళ వచ్చినాడు కదా. ఇవాళైనా రానీండి.”

అయ్యగారు కమిటీ పెద్ద వైపు చూశారు. కమిటీ పెద్ద దగ్గాడు. ఈ ఏడాది చందా మాత్రం ఇప్పుడు కడతామనీ, వెనకటిదంతా మా నాన్ననే అడుక్కోమనీ, తనూ ఎప్పుడో ఒకప్పుడు అక్కడికి వెళ్ళేదే కాబట్టి గుర్తు చేస్తాననీ చెప్పింది. అంత దుఃఖంలోనూ మా అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. చీటీ వచ్చింది. దేవునికి వందనాలు, ఈ రోజుకీ ఆ నవ్వు తలుచుకుంటాను.

పెట్టె కొనడానికి నన్ను వెంట రమ్మంది. ఆమెకి లెక్క వచ్చు, అక్షరం రాదు. నాకు బడి లేదు గానీ మా అమ్మ ఇంట్లోనే బైబిలు వాక్యం మీద వేలు పెట్టి చూపిస్తూ చదవడం నేర్పింది. షాపతను రాసిన బిల్లు నాచేత పైకి చదివించింది. ఇత్తడి హేండిల్స్ అని ఒక లైను వచ్చేసరికి ఆపింది.

“ఎందుకు బాబూ అవి? గోతిలో తలుపు తీసుకుంటాడేటి?”

షాపతనికి నవ్వొచ్చింది. హేండిల్స్ పోయి తాళ్ళు వచ్చాయి. లోపల వేసే సాటిన్ గుడ్డ పోయి మా అమ్మ ఉతికి దాచుకున్న దుప్పటి వచ్చింది. ఇంటి దుప్పటిలో పడుకున్నట్టే ఉన్నాడని అమ్మ ఎంత తృప్తిపడిందో నాకు తెలుసు.

ఆ రోజు అయ్యగారికి ఇవ్వడానికి మా తమ్ముడు కవర్లో ఐదు వందల నోట్లు రెండు, ఒక రూపాయి బిళ్ళ వేశాడు. పెళ్ళికైనా పేరు పెట్టినా మనం పైన ఒక రూపాయి కలిపే ఇస్తాం కదా, ఆ అలవాటు. పెద్దమ్మ కవర్లో రెండు వేళ్ళు పెట్టి బిళ్ళ పైకి లాగేసింది.

“ఇదెందుకు? మళ్ళీ ఇదే పని మీద రమ్మంటావేటి అయ్యగార్ని?”

అయ్యగారి చెవిన పడింది. ఇలాంటి మూఢనమ్మకాలు మనకి లేవమ్మా అని మెల్లగా అన్నారు. “అవునయ్యగారూ, మూడనమ్మకమే. రూపాయే కదా, పోనీండి” అని బిళ్ళని చెంగున ముడేసుకుంది. వచ్చే ఆదివారం దాన్ని కానుకల సంచిలో వేసింది. ప్రతి చావు తర్వాతా అంతే.

అయ్యగారి కవరు మాత్రం ఎప్పుడూ ఎగ్గొట్టనిచ్చేది కాదు. మరీ లేనివాళ్ళ ఇంట్లో ఆయనే వద్దన్నా వినేది కాదు. ఆయనింట్లోనూ పొయ్యి ఉందని అనేది. ఆయన ప్రార్థన ముగించి కళ్ళు తెరిచేలోపు కవరు ఆయన బైబిల్లో పెట్టేసేది. ఇక గొయ్యి తీసే మనిషికైతే పెట్టె కిందికి దిగకముందే ఇచ్చెయ్యాలి. మట్టి వేశాక ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. ఏడ్చుకుంటూ వెళ్ళిపోతారు. అతను పార పట్టుకుని ఎవరి వెంట పడతాడు? ఈ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు కొంచెం గట్టిగా అయ్యేది.

అక్కడిదాకా వెళ్ళాక తిరిగి వచ్చేముందు తన భర్త సమాధి దగ్గర ఆగేది. పూలు పెట్టదు, కన్నీళ్ళు పెట్టదు. పక్కన మట్టిని మడమతో ఒకసారి తొక్కి చూసి, “ఇంకా మెత్తగానే ఉంది” అనేది. ఆ సమాధి తెరిచి అందులోనే తనని పెడతారని ఆమెకి తెలుసు. ఊళ్ళో కొత్త చోటు ఎక్కడిది?

ఒకసారి అలా తిరిగి వస్తుంటే గేటు పడింది. స్టీల్ ప్లాంటుకి బొగ్గు తీసుకెళ్ళే గూడ్సు, ఎంతకీ తరగదు. ఆ చప్పుడులో ఆమె రొంటినుంచి ఒక గుడ్డమూట తీసి నా చేతిలో పెట్టింది. పద్దెనిమిది వేలు. ఏమిటన్నాను. వినపడలేదు. గూడ్సు పెట్టెలు కొన్ని దాటాక నా చెవి దగ్గరికి వంగింది, చావిళ్ళలో వంగినట్టే.

“నా సేతిలో ఇంతుంది” అంది.

ఒంట్లో బాగోలేదా అని అడిగాను. బాగానే ఉందనీ, బాగున్నప్పుడే ఇవ్వాలనీ చెప్పింది. కొడుక్కి ఇవ్వొచ్చు కదా అన్నాను.

“ఆడు మంచోడు. అందుకే బయం. నువ్వు సెప్పు ఆడికి, ఏడుపు నీది, ఖర్సు నాది అని.”

“నా మాట ఎవరింటారు పెద్దమ్మా?”

“ఇనరు,” అంది. “అయినా సెప్పు.”

గేటు లేచింది. ఆటోలూ బళ్ళూ హారన్లు కొడుతుంటే ఇద్దరం పట్టాలు దాటాం.

పోయిన ఎండాకాలంలో ఆమె వెళ్ళిపోయింది. పొద్దున పిండి కలుపుతూ పక్కకి ఒరిగిందట. బాధపడకుండా తీసుకున్నందుకు ప్రభువుకి స్తోత్రం చెప్పుకుంటూనే ఆ ఇంటికి పరిగెత్తాను. మూట నా రొంటిన ఉంది.

నేను వెళ్ళేసరికి వీధి నిండిపోయింది. ఆమె చేతిమీదుగా మట్టి చేరిన ప్రతి ఇంటినుంచీ మనుషులు వచ్చారు. కొడుకు గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కళ్ళూ వాడి భుజం పట్టుకుని ఒకే మాట అంటున్నారు. మీ అమ్మ ఊరందరికీ చేసింది, ఆమెకి ఘనంగా చెయ్యాలి. ఒకాయన బ్యాండు ఉండాలన్నాడు. ఒకామె, పెందుర్తి పెద్ద పాస్టరు గారిని పిలిస్తే బాగుంటుందంది. కూతురు రాయగడ నుంచి రావాలి కాబట్టి ఫ్రీజర్ పెట్టె తెప్పించారు. పూలతో కట్టిన వ్యాను, మైకు సెట్టు, ఫొటోతో ఫ్లెక్సీ. ఒక్కరి మాటలోనూ కల్మషం లేదు. అందరిదీ కృతజ్ఞతే. కృతజ్ఞత మంచిదని చిన్నప్పట్నించీ నేర్చుకున్నదాన్ని. ఆ రోజు దాన్ని చూసి రొంటిన మూటని గట్టిగా పట్టుకున్నాను. అందరూ మాటే తెచ్చారు, డబ్బు కాదు.

గుంపు కాస్త పలచబడ్డాక వాడి పక్కన గొంతుక్కూర్చున్నాను. మూట వాడి చేతిలో పెట్టి, అమ్మ ఇచ్చిందని చెప్పాను. ఎంతుందో చెప్పాను. ఆమె చెప్పమన్న మాట కూడా చెప్పాను. అదే మాట ఆమె అంటే ఊరు కదిలేది. నా నోట అది ఎవరో నేర్పిన పద్యంలా వినిపించింది.

వాడు మూటని కళ్ళకద్దుకున్నాడు. తర్వాత మళ్ళీ నా చేతిలోనే పెట్టి నా వేళ్ళు మూశాడు.

“అక్కా, మా అమ్మ అందరికీ తక్కువలో సేసింది. మా అమ్మకీ తక్కువేనా?”

తక్కువ కాదురా, అప్పు లేకుండా అంటున్నాను, ఆమె అడిగింది అదొక్కటే అన్నాను. ఆటో నడుస్తోంది కదా, తీర్చేస్తానన్నాడు. “రేపు ఎవరైనా, సూడు, పెద్దమ్మని తాళ్ళేసి దించీసినారు అంటే నాను బతకలేను” అన్నాడు. అప్పటికే ఒకాయన తెల్లచొక్కాతో వచ్చి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వడ్డీలకి ఇచ్చే ఆయన. ఆయన కూడా మర్యాదస్తుడే. వస్తూ దండ తెచ్చాడు. ఆటో కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పెట్టె షాపుకి నేనే వెళ్ళాను, వాడితో. కనీసం అక్కడైనా ఏదో చెయ్యగలననుకున్నాను. ఎవరికని అడిగాడు షాపతను. చెప్పగానే లేచి నిలబడ్డాడు. “పెద్దమ్మకా? అయితే మంచిదే తీస్తాను” అని లోపల్నుంచి నున్నటి పాలిష్ పెట్టె తెచ్చాడు. ఇత్తడి హేండిల్స్, లోపల తెల్ల సాటిన్. ఆమె గురించి చెప్తూ కళ్ళు తుడుచుకున్నాడు. బిల్లు నేను పైకి చదివాను. హేండిల్స్ దగ్గర ఆగాను. ఎవరూ నవ్వలేదు. కొడుకు ఫోన్ ఎత్తి డబ్బు పంపాడు. బల్లమీది డబ్బా ఆడగొంతుతో, వీధిలోకి వినపడేటట్టు, ఎంత అందిందో చెప్పింది. బేరం చేసే మనిషి పెద్దమ్మే, ఇప్పుడు పెట్టె ఆమెకే.

మర్నాడు ఇంట్లో ప్రార్థన మొదలవబోతుంటే కోడలు నా చేతికి మూడు కవర్లు ఇచ్చింది. పెందుర్తి పాస్టరు గారికొకటి, మా అయ్యగారికొకటి, పాటల వాళ్ళకొకటి. ఎవరో పిల్లని షాపుకి పంపితే ఉన్నవి తెచ్చింది, పెళ్ళిళ్ళకి చదివింపులు పెట్టే కవర్లు. బంగారు రంగు పూలు, మూల ఒక రూపాయి బిళ్ళ జిగురుతో అంటించి ఉంది. షాపుల్లో అలాగే అమ్ముతున్నారిప్పుడు. అంత హడావిడిలో ఎవరు చూస్తారు? తలుపు వెనక్కి వెళ్ళి గోటితో ఒక్కొక్క బిళ్ళనీ పెకలించాను. బిళ్ళ ఊడినచోట జిగురు గుండ్రంగా మిగిలింది. ప్రార్థన సాగినంతసేపూ ఆ మూడు రూపాయలూ నా పిడికిట్లో ఉన్నాయి. పెద్ద పాస్టరు గారు ఆమెని చూడలేదు కాబట్టి ఎవరి గురించైనా చెప్పగల మాటలే చెప్పారు. మా అయ్యగారికి మైకు రాలేదు. ఆయన పెట్టె పక్కన నిలబడి పెదవులు కదుపుతూ తనలో తాను ప్రార్థన చేసుకున్నారు. ఆయన కవరు నేనే బైబిల్లో పెట్టాను.

బయటికి వచ్చి చూస్తే నా చెప్పులు లేవు. వెతకలేదు. ఎవర్నడగ్గలం?

సమాధుల తోటలో మట్టి కాలిపోతోంది. బ్యాండు గేటు బయట ఆగింది. తాళ్ళు లేవు, ఇత్తడి హేండిల్స్ పట్టుకునే దించబోయారు. చేతులు అందక మళ్ళీ పైకి లాగి, ఎక్కడినుంచో తాళ్ళు తెచ్చారు. భర్త సమాధి తెరిచిన గోతిలోకి ఆమె చివరికి ఆ తాళ్ళ మీదే దిగింది. పూలదండలు గట్టునిండా. ఫొటోలు తీసుకునేవాళ్ళు ఫొటోలు తీసుకున్నారు. పిడికెడు మట్టి వేసి ఒక్కొక్కళ్ళే కదిలారు. వీధి అంతటినీ మోసుకొచ్చిన వ్యాన్లు మళ్ళీ నిండి వెళ్ళిపోయాయి.

నేను కాళ్ళు మార్చి మార్చి నిలబడి ఉన్నాను. గొయ్యి తీసే అతను పార మీద చెయ్యి వేసి ఇంకా నిండని గోతి పక్కనే నిలబడ్డాడు. తల ఎత్తడం లేదు. అప్పుడు తట్టింది నాకు. అంత ఖర్చులో అతన్ని ఎవరూ తలుచుకోలేదు.

“అమ్మా,” అన్నాడు చివరికి, “పెద్దమ్మ ఉంటే ఈపాటికి ఇచ్చీసును. ఎవర్నడగాలో తెలీటం లేదు. ఖర్సు ఎవరు సూత్తన్నారు?”

“నానే,” అన్నాను.

మూట ముడి విప్పాను. పెద్దమ్మ అతనికి ఎప్పుడూ ఎంత ఇచ్చేదో నాకు తెలుసు. దానిమీద ఇంకొంచెం కలిపి ఇచ్చాను. మిగిలింది తర్వాత ఇంటివాళ్ళని ఓదార్చే ఆదరణ కూడిక భోజనాల బియ్యానికి పోయింది. అతను లెక్కపెట్టకుండా నోట్లు తువ్వాల్లో చుట్టి తలకి కట్టుకున్నాడు. దండలన్నీ పక్కకి తీసి పెట్టి మట్టి వెయ్యడం మొదలుపెట్టాడు. సగం నిండాక ఆగి చెమట తుడుచుకున్నాడు.

“బేండోళ్ళకి ఇచ్చీసినారా?”

ఇచ్చారన్నాను.

“పెట్టె షాపుకి?”

ఇచ్చారు.

“అయ్యగార్లకి?”

“అందరికీ ఇచ్చీసినారు.”

అతను తృప్తిగా తలూపాడు. “అయితే పెద్దమ్మ మీద ఎవరి బాకీ లేదన్నమాట.”

గేటు వైపు చూశాను. అక్కడ వేపచెట్టు నీడలో తెల్లచొక్కా ఆయన ఇంకా ఉన్నాడు. ఎండవేళ అంతసేపు నిలబడ్డందుకు ఆమె కొడుకు ఆయనకి మంచినీళ్ళ సీసా మూత తీసి, రెండు చేతులతో అందిస్తున్నాడు.

“లేదు,” అన్నాను.